గుండీల కప్పు

మట్టిగది నుంచి,
వానలు మొదలైన వారం

సూదమ్మా,

ఫోన్ చెయ్యొచ్చు కదా పిన్నీ అంటావని తెలుసు. ఫోనులో నువ్వు గొంతు సర్దేసుకుంటావు, నేనూ సర్దేసుకుంటాను, ఇద్దరం బాగున్నాం అనుకుని పెట్టేస్తాం. పైగా కుండలు చేసే నా చేతులకి ఎప్పుడూ మట్టే. ఇప్పటికి రెండు ఫోన్లు మట్టికొట్టుకుపోయాయి. మాటవరసకి కాదు, నిజంగానే. అందుకని కాగితం పట్టాను.

నీ చదువుతో ఒక అవసరం పడింది.

మీ బాబాయికి కుడిచెయ్యి పడిపోయాక డాక్టరు ఏదో ఒకటి పిసుకుతూ ఉండమన్నాడు గుర్తుందా? రబ్బరు బంతి ఇస్తే 'నేనేమన్నా పసిపిల్లాణ్ణా' అని విసిరికొట్టారు. నా మట్టిముద్ద ఒకటి చేతిలో పెడితే మాత్రం ఊరుకున్నారు. పిసికి పిసికి, చివరికి దాన్నొక కప్పు చేశారు. కప్పంటే కప్పు కాదనుకో. ఒక పక్కకి ఒరిగిపోయి, మూతి వంకర తిరిగి, పిడి ఒకచోట ఉండాల్సింది ఇంకోచోట ఉండి, చూస్తే జాలేసేలా ఉంది.

అంతటితో ఆగారా? దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది! గుండీల డబ్బా తెప్పించుకుని, చొక్కా గుండీలు నాలుగు ఏరి, పచ్చిమట్టి మీద వరసగా నొక్కేశారు. ఇక కాజాలు కుట్టడమొక్కటే తక్కువ. 'ఏమండీ, అవి ప్లాస్టిక్కు! బట్టీలో పెడితే కంపు కొట్టి కారిపోతాయి' అని నేను నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. ఆయనా నవ్వారు. 'మీ మట్టివాళ్ళు కాల్చనిదే దేన్నీ నమ్మరు. గుండీ లేకపోతే అది నా చేతిపని అని ఎలా తెలుస్తుంది? ఇందులో నీకు నేనే కాఫీ కలిపిస్తాను, చూస్తూ ఉండు' అన్నారు.

కలిపివ్వకుండానే వెళ్ళిపోయారు. కప్పు కిటికీ మీద ఉండిపోయింది.

ఇప్పుడు వానగాలి తగిలి పొడి రాలుతోంది. పొద్దున్నే తుడుస్తానా, సాయంత్రానికి మళ్ళీ కింద సన్నగా పొడి. పిడి పక్కన ఆయన బొటనవేలి ముద్ర ఒకటి లోతుగా పడింది. సూది కూడా పట్టలేని వేలు, ఆ రోజు ఎంత బలంగా నొక్కారో ఏమో. దాని గీతలు ఎండాకాలంలో కనిపించినంత బాగా ఇప్పుడు కనిపించడం లేదు.

గుండీలు పీకేసి కాలుద్దామంటే అవి రావు. మట్టి ఎండి బిగుసుకుపోయింది. గుండీ రంధ్రాల్లోంచి కూడా ఉబికివచ్చి అక్కడే ఎండింది, అచ్చం దారంతో కుట్టినట్టే ఉంది. లాగితే కప్పు విరుగుతుంది. కాలిస్తే గుండీలు పోతాయి. కాల్చకపోతే కప్పే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బట్టీ లేకుండా పింగాణీ చేసే చోట పనిచేస్తున్నానని నువ్వు చెప్పావు. అవి కోతలైతే ఇప్పుడే ఒప్పేసుకో. నిజమైతే ఆ కప్పు నాకు నిలబెట్టి ఇవ్వు. నాకు దాన్లో కాఫీ తాగాలని ఉందే. ఒక్కసారైనా.

మీ పిన్ని


ప్రయోగశాల పక్క గది నుంచి

పిన్నీ,

నీ ఉత్తరం మడిచి కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మధ్యమధ్యలో తీసి చదువుకుంటున్నాను.

కోతలు కాదు, నిజమే. మాది బట్టీ లేని పింగాణీ పనే. నీ బట్టీలో ఇనుము ఎర్రబడేంత వేడి ఉంటుంది. ఆ వేడికి మట్టి రేణువుల అంచులు కరిగి ఒకదాన్నొకటి అతుక్కుంటాయి, కప్పు రాయిలా అవుతుంది. మాకు ఆ దారి లేదు. మేము పింగాణీ పొర వెయ్యాల్సింది మెత్తటి ప్లాస్టిక్ మీద. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ళ ఒంటికి అంటించి, జ్వరం వస్తే కనిపెట్టే పట్టీ అది. పింగాణీకేమో వేడి కావాలి, ప్లాస్టిక్‌కేమో వేడి పడదు. అత్తాకోడళ్ళని ఒకే గదిలో పెట్టి ఇద్దరినీ నవ్వించమన్నట్టు ఉంటుంది మా ఉద్యోగం.

అందుకని మేము కాల్చం. గాలి తీసేసిన ఇనప పెట్టెలో వస్తువుని పెట్టి, లోహం కలిసిన ఒక ఆవిరి వదులుతాం. అది అంతటా ఒకే ఒక్క వరస అంటుకుంటుంది. మిగిలిందాన్ని బయటికి తోసేసి నీటి ఆవిరి వదులుతాం. రెండూ కలిసిన చోట పింగాణీ వరస ఒకటి పుడుతుంది. మళ్ళీ మొదటి ఆవిరి, మళ్ళీ నీరు, వరస మీద వరస. వేడి ఎంతంటావా, నువ్వు కాఫీకి మరిగించే నీళ్ళంత కూడా ఉండదు. బాబాయికి ఇదంతా చెబితే 'ఓహో, ఆవిరితో కుట్టుపని అన్నమాట' అన్నాడు. ఇప్పటికీ నా పనేమిటని ఎవరైనా అడిగితే నేను ఆ మాటే చెబుతాను.

గుండీ కూడా ప్లాస్టిక్కే కదా! అది కరగని వేడిలోనే మా పొర పుడుతుంది. ఆవిరి కాబట్టి మట్టి సందుల్లోకి కూడా దూరుతుంది, బ్రష్షుతో రాసినట్టు తడిపి పాడుచెయ్యదు. అంటే ఆ కప్పుకి నాకంటే తగిన దర్జీ ఈ భూమ్మీద ఎవరున్నారు చెప్పు. పంపించు, కప్పుని కప్పేస్తాను. నువ్వు కాఫీ పొడి తెచ్చిపెట్టుకో చాలు.

మా మేడమ్‌ని ఒప్పించాలి, అదొక్కటే. ఆ పెట్టె ఆవిడ ప్రాణం. దాని ముందు తుమ్మినా ఊరుకోరు.

నీ సూది

తా.క. ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నా. అవును, నా తెల్లకోటుకి పై గుండీ ఇంకా లేదు. పిన్నీసు పెట్టుకుంటున్నా. పిన్ని లేని చోట పిన్నీసే దిక్కు.


మట్టిగది నుంచి

సూదమ్మా,

మా ఇంట్లో ఉండి బడి చదువంతా చదువుకుని, దర్జీ మిషను కింద ఆడుకుంటూ పెరిగి, పిన్నీసు పెట్టుకుని తిరుగుతావా? ఎక్కడా చెప్పకు, మా పరువు పోతుంది.

అసలు కప్పు ఇప్పుడే పంపను. మూతి ముడుచుకోకు. మీ బాబాయి ఎంత చెయ్యి తిరిగినవాడైనా కొత్తగుడ్డ మీద నేరుగా కత్తెర పెట్టేవారు కాదు. ముందు పాత పేపరు మీద కత్తిరించి, అది మనిషి ఒంటికి ఆనించి చూసి, అప్పుడే గుడ్డ ముట్టుకునేవారు. 'పేపరు ఏడవదు' అనేవారు. అందుకని అదే మట్టితో, అదే మందంలో, అదే డబ్బాలోని గుండీలు నొక్కి నకిలీ కప్పులు చేసి పంపిస్తున్నాను. ఎన్ని కావాలంటే అన్ని చెడగొట్టుకో.

అవి చెయ్యడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇన్నేళ్ళుగా కుమ్మరి సారె మీద కప్పు నిటారుగా నిలబెట్టడమే నేర్చుకున్నాను. ఆయనలా వంకరగా చేద్దామంటే కుదరదే! నా చెయ్యి నాకు తెలియకుండానే సరిచేసేస్తోంది. చివరికి కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో చేశాను. అప్పుడు కాస్త ఆయన పోలిక వచ్చింది.

మొన్న మీ అమ్మ వచ్చింది. గాజుపెట్టె చేయించి అందులో పెట్టి అల్మరా ఎక్కించమంటుంది. 'పందెంలో గెలిచిన కప్పా ఏంటక్కా' అన్నాను. నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రావడం లేదే. ఆయన పోయిన రోజు నుంచీ రావడం లేదు. మిషను గది తలుపు కూడా తియ్యడం లేదు. గుండీల డబ్బా కోసం ఒకసారి వెళ్ళాను, నీళ్ళలో మునిగినట్టు ఊపిరి బిగబట్టుకుని, డబ్బా తీసుకుని బయటపడ్డాను.

అన్నం తిని పనిచెయ్యి.

మీ పిన్ని


ప్రయోగశాల పక్క గది నుంచి

పిన్నీ,

కప్పులన్నీ క్షేమంగా అందాయి. నువ్వు చుట్టిన గుడ్డముక్కలు చూసి మా వాళ్ళు కప్పులకి చొక్కాలు తొడిగారేమిటన్నారు.

ఒక కప్పు తీసుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు పైకెత్తి చూసి 'ఏమిటిది?' అన్నారు.

'మట్టి కప్పండీ.'

'ఈ గుండీలేమిటి?'

'మా బాబాయి దర్జీ అండీ.'

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటి నుంచీ చెప్పుకొచ్చాను. వింటున్నంతసేపూ గోటితో గుండీని తడుముతూ కూర్చున్నారు. చివరికి 'అయితే నా పెట్టెలో మట్టి పెడతానంటావు. ఒక్క రేణువు గాలి లాగే పంపులోకి పోయిందా, నిన్ను పంపిస్తా ఆ పంపులోకి' అన్నారు. ఆవిడ భాషలో దానర్థం సరే అని.

మొదటి కప్పు పేలిపోయింది. నీ తప్పు కాదు, నా తొందర. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా! వానాకాలం కదా, మట్టి లోపల తేమ పట్టి ఉంది. సరిగ్గా ఆరబెట్టకుండా పెట్టేశాను. పెట్టెలో గాలి లాగేసరికి ఆ తేమంతా ఒక్కసారి తన్నుకొచ్చి టప్‌మంది. పెట్టె నిండా పెంకులు. ఆ వారమంతా దూది పట్టుకుని పెట్టె మూలమూలలా తుడవడమే నా ఉద్యోగం. మేడమ్ తిట్టలేదు. ఆవిడ తిడితే భయం ఉండదు, తిట్టకపోతేనే. అంతా తుడిచాక వచ్చి 'గోరువెచ్చగా ఆరబెట్టు. నువ్వు విసిగిపోయాక ఇంకో రోజు ఆరబెట్టు' అని వెళ్ళిపోయారు.

రెండోది భలే వచ్చింది పిన్నీ! గుండీ చెక్కుచెదరలేదు. వేలితో రుద్దినా పొడి అంటడం లేదు. తెల్లకాగితం మీద దులిపి చూశాను, కాగితం తెల్లగానే ఉంది. మట్టి రంగు కూడా మారలేదు, వెలుగులో పట్టుకుంటే మాత్రం నీళ్ళ మీద నూనెచుక్క వేసినట్టు చిన్న మెరుపు కనిపిస్తుంది. నీకు నచ్చుతుంది.

ఇంకేవో చిన్నాచితకా పరీక్షలున్నాయి. అవి కూడా అయ్యాక మొత్తం రాస్తాను. త్వరలోనే.

నీ సూది


మిషను గది నుంచి

సూదమ్మా,

పైన చూశావా, ఎక్కణ్ణుంచి రాస్తున్నానో? తలుపు తీశాను. దుమ్ము దులిపాను. ఆయన స్టూలు మీద కూర్చుని ఆయన బల్ల మీదే రాస్తున్నాను. ఎందుకంటే నీకు కాస్త గట్టిగా చెప్పాల్సిన మాట ఉంది, అది ఇక్కడైతేనే రాయగలను.

నీ ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నా. గుండీ గురించి రాశావు. పొడి గురించి రాశావు. మెరుపు గురించి కూడా రాశావు. నీళ్ళ మాట ఎత్తలేదు. కప్పన్నాక నీళ్ళు పోసి చూడకుండా ఎవరుంటారు? బట్టీ తెరిచినప్పుడల్లా నేను మొట్టమొదట చేసే పని అదే, అది చూస్తూ పెరిగినదానివి నువ్వు. పోసి ఉంటావు. పోసి, రాయలేదు. పైగా 'త్వరలోనే' అన్నావు. చిన్నప్పుడు లెక్కల మార్కులు ఎప్పుడిస్తారే అంటే 'త్వరలోనే పిన్నీ' అనేదానివి. అప్పటికే అవి నీ సంచిలో ఉండేవి.

కప్పులో కాఫీ నిలవదని నాకు చెప్పలేకపోతున్నావు కదూ?

ఆయన చెయ్యి మళ్ళీ వస్తుందా అని డాక్టర్ని అడిగితే అతనూ ఆ మాటే అన్నాడు, త్వరలో అని. ఆ మాట పట్టుకుని నేను కొత్త కత్తెర కొనుక్కొచ్చాను. ఇదిగో, ఈ బల్ల మీదే ఉంది, చుట్టిన కాగితం కూడా విప్పలేదు. అందుకే ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. నువ్వు ప్రేమకొద్దీ దాస్తున్నావని నాకు తెలియదా? ఆ ప్రేమతోనే చెప్పెయ్యి. నేనేమీ విరిగిపోను.

ఇంకో మాట. పిడి దగ్గర వెంట్రుకంత బీట కనిపించింది. నిన్న లేదు. నువ్వు చెప్పేది ఏదైనా తొందరగా చెప్పు.

మీ పిన్ని


హాస్టలు గది నుంచి

పిన్నీ,

అవును. మార్కులు సంచిలోనే ఉన్నాయి.

ఆ రెండో కప్పులో నీళ్ళు పోశాను. నిలిచాయి. నేను ఎగిరి గంతేసి మేడమ్‌ని పిలవడానికి పరుగెత్తాను. ఆవిడతో తిరిగొచ్చేసరికి అడుగున నల్లటి మచ్చ ఒకటి పుట్టింది. చూస్తుండగానే పాకింది. మేమిద్దరం నిలబడి చూస్తూనే ఉన్నాం, కప్పు మెల్లగా కూలబడిపోయింది, బాగా అలిసిపోయిన మనిషిలా. పళ్ళెంలో బురద, బురదలో గుండీ. నువ్వు ఎడమచేత్తో అంత కష్టపడి చేసిన కప్పు. నాకు ఏడుపు ఆగలేదు. మేడమ్ ముందే ఏడ్చేశాను.

లోపం ఎక్కడుందో తెలుసు. నీ బట్టీలో మట్టి లోపలిదాకా మారిపోతుంది. నా పెట్టెలో మట్టి మట్టిగానే ఉంటుంది, పైన మాత్రం చొక్కా తొడుగుతాను. చొక్కాకి ఎక్కడో ఒక సూదిబెజ్జం ఉండి తీరుతుంది, నీళ్ళు దాన్ని వెతుక్కుంటాయి. పోనీ మందంగా వేద్దామంటే పొరే బీటలు తీస్తుంది. ఆవిరిని ఎక్కువసేపు నిలవనిచ్చి లోతుగా పంపితే కాస్త మెరుగు. అలా చేసీ చేసీ నకిలీలన్నీ అయిపోవచ్చాయి. వాటన్నిట్లోకీ బాగా వచ్చినదాన్లో చల్లార్చిన కాఫీ పోశాను. ఒక మనిషి నిదానంగా తాగి ముగించేంతసేపు నిలిచింది. ఆ తర్వాత మెత్తబడింది.

'మీ పిన్నిగారికి కప్పు నిలవాలా, కాఫీ నిలవాలా?' అని అడిగారు మేడమ్. 

కప్పు నిలవాలంటే, పొర వేశాక తడి తగలకుండా ఉంచు. పొడి రాలదు. వేలిముద్ర ఇప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది, నేను ముసలిదాన్నయ్యాక కూడా. కాఫీ తాగాలంటే, ఒక్కసారి. ఆ పొర నోట్లోకి పోయినా ఏమీ కాదు, మేడమ్‌ని కూడా అడిగాను. కానీ ఆ ఒక్కసారి తర్వాత కప్పు ఉంటుందో ఉండదో చెప్పలేను.

రెండూ ఇస్తానని గొప్పగా మాటిచ్చింది నేనే. కాఫీ పొడి తెచ్చిపెట్టుకో అని కూడా రాశాను. ఆ వాక్యం గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తోంది.

నీ సూది


మట్టిగది నుంచి

సూదమ్మా,

చదివాను. ఏడవకు. బురదైతే ఏమైందట? పచ్చిమట్టికి ఉన్న సుఖమే అది, మళ్ళీ పిసుక్కోవచ్చు. కాల్చినదాన్ని ఎవరు పిసకగలరు? ఆ బురద పారబోయకు, ఎండబెట్టి ఉంచు, పట్టుకుపోతాను.

అవును, నేనే వస్తున్నాను. కప్పుని పార్సిలు చెయ్యను, ఒళ్ళో పెట్టుకుని తెస్తాను. ముందు ఆ పొడి రాలడం ఆగాలి, అంతవరకు ఖాయం. మిగతాది ఏం చేస్తానో నన్ను అడక్కు. నాకే తెలియదు.

మీ మేడమ్‌కి చెప్పు, నేను తుమ్మనని.

మీ పిన్ని


ప్రయోగశాల పక్క గది నుంచి

పిన్నీ,

నువ్వు వచ్చినప్పుడు కూర్చున్న కుర్చీ ఇంకా పెట్టె ఎదురుగానే ఉంది. మేడమ్ తియ్యనివ్వడం లేదు.

కప్పుని లోపల పెట్టేటప్పుడు నా చేతులు ఎంత వణికాయో నువ్వు చూశావు. అద్దాల గోడ వెనక నుంచి 'సూదీ, మోచేతులు ఒంటికి ఆనించుకో' అన్నావు. చిన్నప్పుడు సారె దగ్గర కూర్చోబెట్టి చెప్పిన మాటే. ఆనించుకున్నాను, వణుకు తగ్గింది. ఇప్పుడు మేడమ్ మా అందరికీ అదే చెబుతున్నారు, తనే కనిపెట్టినట్టు.

నేను మర్చిపోలేనిది ఇంకోటి. పెట్టె మొదలైంది. ఒక ఆవిరి, ఒక నీరు, ఒక ఆవిరి, ఒక నీరు, మూతలు తెరుచుకుని మూసుకునే చప్పుడు టకటకా టకటకా. నాకు అలవాటైపోయి అసలు వినిపించదు. నువ్వు మాత్రం తల ఎత్తావు. 'అచ్చం ఆయన మిషనులా ఉందే' అన్నావు. అంతే, ఇన్నాళ్ళుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది నీకు. నేను పెట్టె వదిలి రాలేను, రాకుండా ఉండలేను. మేడమే వచ్చి నీ పక్కన నిలబడి తన చేతిరుమాలు ఇచ్చారు. నువ్వు ముక్కు చీది, రుమాలు అంచు తిప్పి చూసి, 'ఈ కుట్టు వేసినవాడు బాగా తొందరలో ఉన్నాడండీ' అన్నావు. ఆవిడ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ అంతవరకు తెలియదు.

కప్పు బాగా వచ్చింది కదూ? బీట ఇక పెరగలేదు. వేలిముద్రలో ఒక్కో గీతా విడివిడిగా కనిపించింది.

నువ్వు బస్సు కిటికీలోంచి చెయ్యూపావు గానీ ఏం చేస్తావో చెప్పలేదు. నేను అడగకూడదనే అనుకున్నాను. కానీ నిజం దాచొద్దని నువ్వే అన్నావు కాబట్టి చెబుతున్నా: తాగకు పిన్నీ. నాకు ఆ వేలిముద్ర కావాలి. కత్తెర పట్టుకోవడం నాకు నేర్పిన వేలు అది, నా బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి నేర్పాడు. బాబాయిది నాకు అదొక్కటే మిగిలింది. నీ కప్పు, నీ ఇష్టం. నా మనసులో ఉన్నది మాత్రం ఇది.

నీ సూది


మిషను గది నుంచి,
వాన వెలిసిన రోజు

సూదమ్మా,

తాగాను.

కంగారుపడకు. చివరిదాకా చదివి, ఆ తర్వాత తిట్టు.

నీ ఉత్తరం చదివాక చాలా రోజులు దాన్ని ముట్టుకోలేదు. కిటికీ మీద పెట్టి చూస్తూ ఉన్నాను. నీ పొర గట్టిదే. పొడి రాలడం లేదు. పొద్దున్నే లేచి గుడ్డ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని, అక్కడ తుడవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ గుడ్డ పట్టుకుని ఊరికే నిలబడేదాన్ని. కప్పు భద్రంగా ఉంది, నా తర్వాత కూడా ఉంటుంది. అయితే కిటికీ మీద ఉంచడానికి ఆయన దాన్ని చెయ్యలేదే. పడిపోయిన చేత్తో నాకు కాఫీ ఇవ్వాలని చేశారు. ఆ చేతిని డాక్టరు నమ్మలేదు, కత్తెర కొన్నానే గానీ నేనూ పూర్తిగా నమ్మలేదు. ఆయన నమ్మారు. నేను దాన్లో తాగకపోతే ఆ నమ్మకం ఏమైనట్టు?

నీ వేలిముద్ర మాట గుర్తుంది. నీకు అన్యాయం చేస్తున్నానేమో అని చెయ్యి వెనక్కి పోయింది. అయినా ఇవాళ ఎండ కాసింది. లేచి కాఫీ పెట్టాను. వేరే గిన్నెలో బాగా చల్లార్చాను. చక్కెర ఎక్కువేశాను, ఆయన కలిపితే ఎప్పుడూ అలాగే ఉండేది. ఆయన స్టూలు మీద కూర్చుని కప్పులో పోసుకున్నాను.

మూతి వంకర కదా, ఏ పక్క నుంచి తాగినా గడ్డం మీద కారింది. 'ఇదేనండీ మీ పనితనం' అన్నాను పైకే. నవ్వొచ్చింది. ఆయన ఉంటే 'నీకు తాగడం రాక నా కప్పుని అంటావేం' అనేవారు. నువ్వు నిదానంగా అన్నావు కాబట్టి నిదానంగానే తాగాను. కొంచెం మట్టి వాసన వచ్చింది. అంత కమ్మటి కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో.

చివరి గుక్కలో ఉండగా పిడి దగ్గర చెయ్యి చెమ్మగా తగిలింది. నీ చొక్కాలో బెజ్జం దొరికిపోయింది దానికి. గబుక్కున తాగేసి, జారిపోకుండా గట్టిగా పట్టుకుని, ఆయన ఇస్త్రీ గుడ్డ మీద బోర్లించాను. గది తలుపు వేసి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళడానికి సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

కప్పు ఉంది సూదీ. ఇంకాస్త ఒరిగింది, అంతే. తడికి మట్టి మట్టిని కలుసుకుని పిడి దగ్గర బీట పూడుకుపోయింది. ఒక గుండీ ఊడి గుడ్డ మీద పడింది. నీకు కావాల్సిన వేలిముద్ర అలాగే ఉంది. దాని పక్కన ఇంకొకటి ఉంది. గట్టిగా పట్టుకున్నాను చూడు, మెత్తబడిన చోట నా బొటనవేలు దిగింది. రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, మధ్యలో దారం పట్టే సందు కూడా లేదు. బట్టీలో కాల్చి ఉంటే నా వేలు దిగేదా? నువ్వు నీళ్ళు నిలవలేదని ఏడ్చావు. నిలిచి ఉంటే ఇది నాకు దొరికేది కాదే పిచ్చిపిల్లా.

ఇక దాన్లో ఏమీ పొయ్యను, ఒట్టు. బాగా ఆరనిచ్చి, విసిగిపోయాక ఇంకో రోజు ఆరనిచ్చి తీసుకొస్తాను. రెండు వేళ్ళ మీదా కలిపి పొర వేసిపెట్టు. మేడమ్‌ని నా కుర్చీ అలాగే ఉంచమను. రుమాలు కుట్టి తెస్తున్నానని చెప్పు.

ఊడిన గుండీ ఈ కవరులో ఉంది. రంధ్రాల్లో మట్టి సూదితో తీసి, దారం ఎక్కించే పంపిస్తున్నాను. కోటుకి కుట్టుకుని, ఆ పిన్నీసు నాకు పంపెయ్యి.

మీ పిన్ని